బుర్గి ఆవు కనిపించని వారం

మా లోయలో అనుమానానికి జీతమిస్తే బుర్గి ఈపాటికి కొండనే కొనేసేది. ఏళ్ల తరబడి కేబుల్ కారు తలుపు దగ్గర నిలబడే ఉద్యోగం ఆమెది. ఎక్కేవాళ్ల బూట్లు చూస్తుంది, మబ్బులు చూస్తుంది, రెండింటినీ నమ్మదు. కొండ మనసుని శుభ్రం చేస్తుందని ఎవరైనా పరవశిస్తే, "ముందు తలుపు మీంచి చెయ్యి తియ్యండి" అంటుంది.

ఆ సెప్టెంబరులో ఆమె అనుమానం లెన్హార్ట్ మీద పడింది. వేసవంతా ఊరి ఆవుల్ని కొండమీద మేపేది అతనే. బుర్గికున్న ఒక్కగానొక్క ఆవు, వంకర కొమ్ము ఫ్లెకీ, ఆ మందలోనే ఉంది. కేబుల్ కారు ఆ పచ్చిక మీదుగానే పోతుంది కనక రోజూ కిటికీలోంచి దాన్ని చూసుకునేది. వారంగా అది కనిపించడం లేదు. పక్కనున్న కొండచీలిక మీద మాత్రం కాకులు తిరుగుతున్నాయి.

మందలో ఒక్క పశువు చచ్చినా, వేసవి ముగిసి కొండ దిగివచ్చేటప్పుడు ముందు నడిచే ఆవుకి పూలకిరీటం పెట్టకూడదు. అది మా కట్టుబాటు. కానీ ఆ కిరీటం చూడ్డానికే జనం బస్సుల్లో వస్తారు.

"నా ఆవుని చీలికలో పడేసుకుని, ఏమీ ఎరగనట్టు పూలు కడుతున్నాడు" అని బుర్గి తేల్చేసింది.

సెలవు రోజున కొండెక్కి అతన్ని నిలదీద్దామంది, కేబుల్ కారు మాత్రం వద్దంది. "ఎక్కామంటే వాడికి ఫోనెళ్తుంది." పక్కింటిదాన్ని కనక నన్నూ నడిపించింది. దారంతా నన్నే ముందు నడవమంది.

లెన్హార్ట్ గుడిసె ముందు కూర్చుని నిజంగానే దేవదారు కొమ్మలకి కాగితం పూలు కడుతున్నాడు.

"ఎవరి చావుకయ్యా ఈ పూలు?"

"నువ్వొచ్చేదాకా ఎవరూ చావలేదమ్మా. కూర్చో, మజ్జిగ తాగు."

"మజ్జిగ సరే, నా ఆవేదీ?"

"పైనుంది."

"పైనంటే? స్వర్గంలోనా?"

నవ్వుకుంటూ మమ్మల్ని పై స్టేషన్ హోటలుకి తీసుకెళ్లాడు. బుర్గి రోజూ కాఫీ తాగే వరండా కింద, స్తంభాల మధ్య, ఫ్లెకీ మోర పైకెత్తి నిలబడి ఉంది. పైనుంచి యాత్రికులు ఉప్పు రొట్టె ముక్కలు విసురుతున్నారు.

"వారంగా నీ కాళ్ల కిందే ఉంది. సాయంత్రం ఈడ్చుకొస్తానా, తెల్లారేసరికి మళ్లీ ఇక్కడే."

యజమానురాలి వాసన పట్టి వచ్చిందని మా చర్చి ఫాదర్ తర్వాత ప్రసంగంలో చెప్పాడు. నాకు కనిపించింది ఉప్పు రొట్టె.

బుర్గి కొమ్ము తడిమింది, పళ్లు చూసింది. "నాదే" అంది, ఇష్టం లేనట్టుగా. "మరి ఆ కాకులు?"

"ఈ హోటలు చెత్త ఎక్కడికి పోతోందనుకున్నావ్?"

మంద దిగిన రోజున ముందు ఆవు కిరీటంతోనే నడిచింది. బుర్గి ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ మంద వెనకే దిగింది.

"ఆవు దొరికిందిగా, ఇంకేం అనుమానమే?" అన్నాను.

"దొరికింది నాదొక్కటే. మిగతావి ఎవరు చూశారు?"