పలుకులు విరిచిన క్యాసెట్

మా పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయనా నేనూ ఒక కప్పు కింద ఉన్నది అన్నీ కలిపితే నాలుగు నెలలు. భార్యాభర్తలిద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు, వాళ్ళకేం అనుకునేవారు మా ఊళ్ళో. వాళ్ళకి ఆ దేశమంతా దుబాయే. నేను సముద్రం ఒడ్డున కల్బా అనే ఊళ్ళో, ఆస్పత్రి నర్సుని. ఆయన దేశానికి ఆ చివర ఎక్కడో ఇసుకలో, గ్యాస్ ప్లాంటు కడుతున్నచోట డీజిల్ మెకానిక్. మా హాస్టల్లోకి మగవాళ్ళని రానివ్వరు. వాళ్ళ క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు.

అందుకని మా కాపురమంతా ఒక క్యాసెట్‌లో నడిచేది. నేను మాట్లాడి పంపితే ఆయన విని, దాని మీదే తన మాటలు రికార్డు చేసి, ఇటు వచ్చే డ్రైవరెవరికో ఇచ్చి పంపేవారు. నేనూ అంతే.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో నాకు ఐదో నెల కడుపు పోయింది. ఆయనకి ఫోన్ చేయిస్తామన్నారు తోటి నర్సులు. వాళ్ళ క్యాంపులో ఫోనుండేది ముదీర్ గదిలో, అంటే మేనేజరు గదిలో. ఆ కబురు మేనేజరు నోటి మీదుగా ఆయనకి చేరడం నాకిష్టం లేకపోయింది. లేచి కూర్చోగలిగిన రోజున టేప్‌రికార్డర్ ముందు పెట్టుకుని అంతా చెప్పాను.

మూడు వారాలకి జవాబొచ్చింది, కొత్త క్యాసెట్ మీద. పాతది పారేసుకుని ఉంటారనుకున్నాను. ఎండలు, మెస్సులో పప్పు, కొత్తగా వచ్చిన జనరేటరు. చివర్లో, జలుబు చేసిన మనిషికి చెప్పినట్టు, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకో రెండు నెలలకి మా ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. మూడు రోజులు, ఆ తర్వాత ఖలాస్. సెలవులో ఊరికి వెళ్తున్న వాళ్ళ ప్లాంటు ఇంజనీరు దొర, తన వ్యాను ఈయన బాగుచేసి పెట్టారని, దాన్ని వాడుకోమని తాళాలిచ్చాడట. వెనకాల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, కిటికీలకి పూల కర్టెన్లు. ఆస్పత్రి గేటు ముందు ఆపి, "మన ఇల్లొచ్చింది, ఎక్కు" అన్నారు. వేరే రోజుల్లో అయితే నవ్వేదాన్ని.

కల్బా దాటి కొండల్లోకి వెళ్ళాం. వాదీలో, అంటే ఎండిన ఏటి గులకరాళ్ళ మీదే దారి. రెండు వైపులా చెట్టూ చేమా లేని కొండగోడలు, పైన సన్నగా ఆకాశం. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. క్యాసెట్‌కి అలవాటుపడ్డ మనిషి కదా, మధ్యలో ఆగి ఎదుటివాళ్ళ మొహం చూడాలని తోచదు. ఆయన వైపు అయిపోయేదాకా వినడం నాకూ అలవాటే. ఆ ఒక్క సంగతీ అడుగుతారేమోనని ప్రతి మలుపులోనూ చూశాను. అడగలేదు. మొగుడు పక్కనే ఉన్నా, హాస్టల్ గదిలో కన్నా ఆ సీట్లోనే ఎక్కువ ఒంటరిగా అనిపించింది నాకు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక మడుగు దగ్గర నీడలో బండి ఆపారు. నీళ్ళు తెస్తానని డబ్బా పట్టుకుని వెళ్ళారు. టీ పెడదామని, అగ్గిపెట్టె కోసం ఆయన సంచి వెతికాను. అడుగున, చేతిరుమాల్లో చుట్టి, మా పాత క్యాసెట్ ఉంది. లేబుల్ మీద నా రాతే. వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేసి ఉన్నాయి. అవి విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇంకెవరూ ఏమీ రికార్డు చేయలేరు.

తలెత్తేసరికి ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"క్యాంపులో ఎవడైనా తీసి పాటలు ఎక్కించేస్తాడని భయమేసింది" అన్నారు.

విన్నారా అని అడిగాను.

"సగమే. నీకు నొప్పులు మొదలైనకాడ ఆపేశాను. ఎన్నిసార్లు పెట్టినా చెయ్యి బటన్ మీదకే పోతోంది. నువ్వు పక్కనుంటే వినగలనేమోనని తెచ్చాను."

నిన్నటినుంచి ఆ మాట ఎలా ఎత్తాలో తెలియకే ఏదేదో వాగుతున్నానని కూడా అన్నారు. డబ్బా కింద పెట్టకుండానే, ఒక చేత్తో టేప్‌రికార్డర్ తీసి క్యాసెట్ పెట్టారు. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది. ఆస్పత్రి వరండా, నా డ్యూటీ, నడుం దగ్గర మొదలైన నొప్పి. ఆయన చెయ్యి బటన్ వైపు కదిలి ఆగిపోయింది. అన్నాళ్ళ కోపం ఎటు పోయిందో తెలియదు. నేనే చెయ్యి చాచి ఆపేశాను.

"నేనిక్కడే ఉన్నాను కదండీ. నన్నడగండి."

"ఎవరు?" అన్నారు.

"ఆడపిల్ల."

ఆయన నీళ్ళ డబ్బా ఇంకా పట్టుకునే ఉన్నారు. అది మెల్లగా కింద పెట్టి, వ్యాను గడప మీద కూర్చున్నారు.

"ఎవరి పోలిక?"

అది నేను టేపులో చెప్పలేదు. చెప్పడం నా వల్ల కాలేదు.

"మీ పోలికేనండీ" అన్నాను.