కొత్త పండగ కాని మామిడికాయ

పద్దెనిమిదేళ్లుగా మన్యంలోని పాడేరులో పాఠాలు చెబుతున్నాను. నేను ఈ ఊరి మనిషినా, వచ్చిపోయే మనిషినా అన్న ప్రశ్న అన్నేళ్లుగానూ నాతోనే ఉంది.

ఈ రోజు సంతలో ఒకావిడ నాటు మామిడికాయలు అమ్ముతోంది. వైజాగ్ నుంచి వచ్చిన ఒకాయన బుట్ట మొత్తానికి బేరం కుదుర్చుకుని, చివర్లో "పులుపుందో లేదో నువ్వొక ముక్క తిని చెప్పు" అన్నాడు.

"మాకింకా మామిడి కొత్త పండగ అవ్వలేదు బాబూ. అమ్మోరికి ఎట్టకుండా మేం తినం. ముక్క కోసిస్తాను, నువ్వే సూసుకో."

"నువ్వు తినని కాయ నాకెందుకు?" అని ఆయన వెళ్లిపోయాడు.

నేను ఉండబట్టలేక, "పుల్లగా ఉంటాయని ఒక్క మాట అనేస్తే బుట్ట ఖాళీ అయ్యేది కదమ్మా" అన్నాను.

"తినకుండా ఎలాగ సెప్తాను టీచరమ్మా? సదవకుండా నువ్వు పాఠం సెప్పగలవేటి?" అని నవ్వింది.

రెండు కేజీలు కొన్నాను. ఇంట్లో కత్తిపీట ముందు కూర్చున్నాక కొయ్యబుద్ధి కాలేదు. వాళ్ల పండగ అయ్యేదాకా కొయ్యకూడదని నిశ్చయించుకున్నాను, ఈలోగా పండిపోయినా సరే. మామిడికాయ పప్పు కోసం కాచుకున్న మా ఆయన మొహం మీరు ఊహించుకోవచ్చు.

మీరైతే కోసేవారా? నాది ఆవిడ మాట మీద గౌరవమో, ఈ ఊరి మనిషిననిపించుకోవాలన్న ఆశో, నాకింకా తేలలేదు.