కార్వెనియా డ్రైవరు తలుపు

మొన్న పూతలపట్టు కూడలిలో మా బస్సు ఆగింది. పక్కనే పొడవాటి ట్రైలరు లారీలు మూడు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద సైన్యం బండ్లు, పైన ఆకుపచ్చ టార్పాలిన్లు. ఎండకు కాగిన టార్పాలిన్ వాసన, దాంతో కలిసిన డీజిల్ వాసన కిటికీలోంచి ముఖాన కొట్టాయి. బస్సులో సగం మంది లేచి, గుడ్డ కింద నుంచి పొడుచుకొచ్చిన ఫిరంగి గొట్టాన్ని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. నా కళ్లు మాత్రం గొట్టాన్ని వదిలేసి, దాని కింద ఎక్కడో ఉండాల్సిన చిన్న తలుపు కోసం వెతికాయి. డ్రైవరు ఎక్కేదీ దిగేదీ నెత్తి మీదుండే ఆ తలుపులోంచే. గుడ్డ కప్పి ఉండటంతో అది కనబడలేదు. బస్సు కదిలింది. తిరుపతి చేరేదాకా నా మనసు మనసులో లేదు. పక్క సీటాయన రెండుసార్లు టైమడిగితే రెండుసార్లూ తప్పే చెప్పాను. ఇది వరదాచార్యులు గారు నాకు అంటించి పోయిన జబ్బు.

ఆయన తిరుపతిలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. నుదుట నామం, చెవి సందున తులసిదళం, ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రానివ్వని ఆచారం. అలాంటి మనిషి ముప్ఫై ఏళ్లు చెన్నై వైపు ఒక కర్మాగారంలో యుద్ధ ట్యాంకుల నమూనాలు గీశారంటే మొదట నేను నమ్మలేదు. నాదీ దాదాపు అదే పని, కాకపోతే ఉత్తుత్తిది. కంప్యూటరు ఆటలు చేసే ఒక కంపెనీకి ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసేవాణ్ణి. ఆ ఏడు వాళ్లు యుద్ధం ఆట ఒకటి మొదలుపెట్టి, అందులో లేని దేశానికి సైన్యాన్ని తయారుచేయమన్నారు. ట్యాంకులు, సైనికుల బండ్లు, తుపాకులు అన్నీ కొత్తగా పుట్టించాలి, ఏ నిజమైన దేశపు వాటినీ పోలి ఉండకూడదు. నాకు తెలిసిందల్లా ఇంటర్నెట్లో బొమ్మలు చూడటమే. సలహా అడుగుదామని కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయన కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. "ఏ దేశానిదబ్బా ఇది?" అన్నారు.

"కార్వెనియా, సామీ."

"కార్వేటినగరం తెలుసు. ఇది యాడుండాది?"

"యాడా లేదు సామీ. ఆట కోసం మేమే పుట్టించినాము."

"పుట్టించినారు, సరే. ఆ దేశంలో వంతెనలు ఎంత బరువు మోస్తాయి? దీన్ని రైలుకెక్కించల్లంటే వెడల్పు ఎంత దాటకూడదు? ఆడ నేల బురదా, రాయా? మనుషులు పొడుగా, పొట్టా?"

"అవేవీ ఆటలో కనబడవు సామీ."

"కనబడకపోతే లేనట్టా?" అని కాగితం నా చేతిలో పెట్టి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. నాకు ఒళ్లు మండింది. ఏదో నాలుగు మేకులు ఎక్కడ కొట్టాలో చెబుతారనుకుంటే పదో తరగతి పరీక్ష పెట్టారు. కాఫీ తాగీ తాగకుండా వచ్చేశాను. ఆ కోపంతోనే ఇంట్లో కూర్చుని కార్వెనియాకు పటం గీశాను. రెండు నదులు, ఐదు వంతెనలు, ఒక రైలు దారి. తీరా చూస్తే నా ట్యాంకు సొంత దేశంలోని ఏ వంతెనా దాటలేదు. బరువు తగ్గించాను, పక్కలు చెక్కాను, గొట్టం పొట్టి చేశాను. ఆ వారం చివరికి కాగితం మీద ఉన్నది మొదటిసారి నిజం బండిలా కనిపించింది. మళ్లీ ఆయన గుమ్మం తొక్కాను. తొక్కడమంటే ఆ తర్వాత ఏడాదిపాటు తొక్కుతూనే ఉన్నాను.

ఆయన పద్ధతి ఒకటుండేది. బండి లోపలి కొలతలు ఖాయం కాగానే మిద్దె మీదికి వెళ్లి, దాన్ని అసలు సైజులో ముగ్గుపిండితో గీయించేవారు. కాగితం మీద మనిషి ఎప్పుడూ పడతాడు, అసలు మనిషి పడతాడో లేదో కూర్చుంటే గాని తెలియదని ఆయన మాట. డ్రైవరు సీటుకు స్టూలు. బండి కప్పుకు బట్టల తాడు, కొలిచి అంతే ఎత్తున కట్టేవారు. ఫిరంగి గొట్టానికి వెదురు కర్ర. ముగ్గుపిండి అడిగినప్పుడల్లా ఆయన భార్య అలమేలమ్మ గారు డబ్బాను ఠప్పున పెట్టేవారు. "ధనుర్మాసంలో ఒక్క గీత గియ్యమంటే నడుము నొప్పి అంటారు. ఈ ఇనప రాకాసికి మాత్రం డబ్బా డబ్బా కుమ్మరిస్తారు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో ఏమో!" అనేవారు. అంటూనే మెట్ల మీద కూర్చుని తమాషా చూసేవారు.

కార్వెనియా పెద్ద ట్యాంకు వంతు వచ్చినప్పుడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ బండి నాకు ప్రాణం. ముక్కు సన్నగా, గొట్టం కిందికి వాలి, దూకబోయే దున్నలా ఉండేది. కంపెనీవాళ్లు ఆట అట్ట మీద దాని బొమ్మే వేస్తామన్నారు. ఆచార్యులు గారు వెదురు కర్రను కొంచెం ఎడమకు తిప్పి నా తల మీదికి తెచ్చారు. "బండికి నిప్పంటుకునింది. కరెంటు పోయింది. గొట్టం ఈడనే నిలిచిపోయింది. పది లెక్కపెడతా, బయటికి రా" అన్నారు. నేను నవ్వుతూ లేచాను. కర్ర నడినెత్తిన తగిలింది. పక్కకు వంగితే భుజం ఇరుక్కుంది.

"తల తగిలింది సామీ."

"తగిలేది కాదు, నువ్వు పోయినావు. ఇంకో తూరి కూర్చో."

ఆ ఉదయం నేను ఆరుసార్లు పోయాను. గొట్టం ఆ వైపు తిరిగి ఉంటే డ్రైవరు తలుపు జానెడు కూడా తెరుచుకోదు. దాన్ని సరిచేయాలంటే బండి ముక్కు మొత్తం మార్చాలి. ముక్కు మారిస్తే అందం పోతుంది. మెట్లు దిగుతూ నేను సణిగాను. "ఆటలో డ్రైవరే లేడు సామీ. ఖాళీ డబ్బా అది."

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను తడ బస్సెక్కించారు. ఎందుకో చెప్పలేదు. నాకు పని ముంచుకొస్తోంది, ఈయనేమో కిటికీ దగ్గర కూర్చుని దారిలో వచ్చే ప్రతి వంతెనా ఎంత బరువు మోస్తుందో లెక్కగడుతున్నారు. తడలో రోడ్డు పక్కన ఒక టీ కొట్టు ముందు దిగాం. కొట్టు యజమాని మునుస్వామి టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించి నా ముందు పెట్టాడు. రెండు చేతుల వేళ్లూ కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆచార్యులు గారు గీసిన ఒక బండిని పరీక్షకు నడిపిన డ్రైవరు అతనే. లోపల పొగ కమ్మింది. తలుపు తెరవబోతే పైన గొట్టం అడ్డం వచ్చింది. వెనక నుంచి లాగి బతికించారు.

"నా కింద పనిచేసే పిల్లోడికి ఆ తలుపు మార్చమని చెప్పినాను" అన్నారు ఆచార్యులు గారు, గ్లాసు వైపు చూస్తూ. "మార్చేసినాను సార్ అన్నాడు. పని తొందర. నేను పోయి కూర్చోని చూడలేదు. సంతకం పెట్టేసినాను. ఆ ఏడే ఉద్యోగం వదిలేసి వచ్చినాను."

మునుస్వామి నవ్వాడు. "నేను ఎప్పుడో మర్సిపోయినాను అబ్బా. ఈ సామే మర్సిపోడు. నెలకోతూరి వచ్చి నా సేతులు సూసి పోతాడు" అన్నాడు.

ముక్కు మార్చాల్సిందేనని తిరుగు బస్సులోనే అనుకున్నాను. నాలుగు రోజుల పని. ఇంటికి చేరగానే కంపెనీ నుంచి ఫోను. రేపటికి బొమ్మ రాకపోతే ఈ సైన్యం మొత్తాన్ని వేరేవాళ్లకు అప్పగిస్తామన్నారు. తలుపు సంగతి చెబితే అవతల మనిషి పగలబడి నవ్వాడు. "లోపలికి ఎవరు తొంగి చూస్తారండీ?" అన్నాడు. ఏడాది నా రక్తం పోసి పుట్టించిన దేశం అది. దాన్ని ఎవడి చేతిలోనో పెట్టడం నావల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టే పంపించేశాను.

రెండు రోజులు ఆయన వీధి వైపు వెళ్లలేదు. మూడో రోజు ఆయనే వచ్చారు. మర్నాడే కంటి ఆపరేషను, శుక్లాలు ముదిరి కాగితం మీద గీతలు కూడా అలుక్కుపోతున్నాయట. "మార్చినావా నాయనా?" అన్నారు.

నాకు మునుస్వామి చేతులు గుర్తున్నాయి. ఆ పిల్లోడి మాట గుర్తుంది. అన్నీ గుర్తుండగానే "మార్చినాను సామీ" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. బొమ్మ తెమ్మన్నారు. కాగితం కింద గీసినవారు, తనిఖీ చేసినవారు అని రెండు గడులుంటాయి. ఎన్నిసార్లు బతిమాలినా ఆయన అంతవరకు రెండో గడి ముట్టుకోలేదు. ఉద్యోగం వదిలినప్పుడే సంతకాలు వదిలేశాననేవారు. ఆ రోజు అడగకుండానే కలం తీశారు. గడి ఎక్కడుందో కనబడక నా వేలు పట్టుకుని చూపించమన్నారు. నేను చూపించాను. "ఇంక ఈ బండిలో మనిషి బయటపడతాడు" అని సంతకం పెట్టారు.

ఆట విడుదలయ్యేసరికి ఆయన కళ్లు బాగయ్యాయి. చూస్తానంటే తప్పించుకోలేక ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. అలమేలమ్మ గారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. నదులు, వంతెనలు చూసి ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. తర్వాత పెద్ద ట్యాంకు వచ్చింది. "గొట్టం ఎడమకు తిప్పబ్బా" అన్నారు. తిప్పాను. "ఆపు" అన్నారు. గొట్టం సరిగ్గా తలుపు మీద ఆగింది. ఆయన వేలితో తెర మీద ఆ చోటును తాకి, చేయి వెనక్కి తీసుకున్నారు.

"మార్చలేదే."

"లేదు సామీ."

తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. నిజానికి తిడితే బాగుండునని ఆశపడ్డాను. ఆయన మాత్రం, "నీదేం లేదులే నాయనా. కూర్చోని చూడకుండా సంతకం పెట్టిండేది నేను. ఒకతూరి తగిలినా బుద్ధి రాలేదు" అన్నారు. అలమేలమ్మ గారు నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయారు.

ఆ నాలుగు రోజుల పనిని తర్వాత చేశాను. ఎవరూ అడగలేదు, కంపెనీకి అక్కర్లేదు. ముక్కు మార్చాను, తలుపు పక్కకు జరిపాను, మా మిద్దె మీద కూర్చుని లేచి చూసుకున్నాను. ఏడు లెక్కపెట్టేలోపు బయటికి వచ్చాను. కొత్త కాగితం తీసుకుని పరిగెత్తాను. ఆయన వెలుతురులోకి జరిగి, కళ్లద్దాల అవసరం లేకుండా మూల మూలా చూశారు. "బాగుండాదబ్బా. శానా బాగుండాది" అన్నారు మనస్ఫూర్తిగా. కాగితం మడత పడకుండా నా చేతికి తిరిగి ఇచ్చారు. చొక్కా జేబులో కలం ఉంది. దాన్ని తీయలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఆ తర్వాత ఆయన ఇంకో ఏడాదిన్నర బతికారు. వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చారు, మా నాయన ఆరోగ్యం అడిగారు, తడకు తోడు రమ్మన్నారు. బొమ్మ ఏదీ అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా మార్చేశాం సార్ అంటే, పోయి నా కళ్లతో చూసేదాకా నాకు కుదురుండదు. చూశాక కూడా మళ్లీ ఒకసారి పోయి చూసొస్తాను. వాళ్లు వెనక నవ్వుకుంటారని తెలుసు. ఆయన నన్ను క్షమించారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ రెండో కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఆ ఖాళీ గడినే.