మిర్యాలగూడలో దొరికిన నా పుట్టిన తేదీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ పుట్టినరోజు లేదు. ఎవరు ఎప్పుడు పుట్టారని అడిగితే పెద్దలు ఒక కరువునో, ఒక పెళ్లినో గుర్తు చేసుకుని చెప్పేవారు. నేను కాల్వ మట్టి పనికి కూలీలు వచ్చిన ఏడు పుట్టానట. ఆ కూలీలు ఎన్ని ఏండ్లు వస్తూ పోతూ ఉన్నారో ఎవరికీ గుర్తు లేదు. అందుకే నా వయసు ఎవరికి తోచినంత వారు చెప్పేవారు. బడి పంతులుగారు మాత్రం పదేళ్లని రాసుకున్నారు.

నేను ఐదో తరగతి పూర్తిచేసిన ఎండాకాలం ఆయనే మా ఇంటికి వచ్చి, సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్ బడి ఉందని, చదువూ తిండీ వాళ్లే చూస్తారని చెప్పారు. పదకొండేళ్లు దాటిన పిల్లను తీసుకోరు. పుట్టిన తేదీకి సర్కారు ముద్ర ఉన్న నకలు దరఖాస్తుతో పెట్టాలి. సీటు వస్తే పొమ్మన్నాడు మా నాన్న. రాకపోతే ఇంట్లో ఉండి చంటి తమ్ముణ్ణి ఎత్తుకోమన్నాడు. నడిగూడెం దగ్గరి మా పల్లెలో ఐదు దాటి చదివిన ఆడపిల్ల అప్పటికి ఒక్కరూ లేరు.

నకలు తెచ్చే పని మా మేనత్త తన మీద వేసుకుంది. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసిన మనిషి ఆమె. వేలిముద్ర తప్ప సంతకం తెలియదు. దరఖాస్తుకు ఇక రెండు రోజులే గడువుందనగా, తెల్లారకముందే నన్ను లేపి జడ వేసి కోదాడ బస్సెక్కించింది.

ఆ రోజంతా నేను ఒక్కచోట నిలవలేకపోయాను. బస్సు ఆగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. కోదాడలో బస్సు మారి హుజూర్‌నగర్ వెళ్తే, అక్కడి ఆఫీసులో మా ఊరి పుస్తకం తిరగేసి నా పుట్టుక నమోదు లేదన్నారు. ఆఫీసు బయట అర్జీలు రాసే ఒకాయన మా అత్తను నిలబెట్టి నేను ఎక్కడ పుట్టానని అడిగాడు. మా అమ్మ పుట్టింట్లో అని ఆ ఊరి పేరు చెప్పింది. "పుట్టిన ఊరి లెక్కలనే ఉంటది తల్లీ, మీ ఊర్ల ఎట్లుంటది? మీ వదినె వాళ్ల ఊరి పాత పుస్తకాలన్నీ మిర్యాలగూడల ఉన్నయి, గాడికి పోండ్రి" అన్నాడు. మేము కదులుతుంటే ఇంకో మాట చెప్పాడు. "గాడ కూడా దొరకకపోతే పరేషాన్ గాకుండ్రి. లేదని రాసిస్తరు. అప్పుడు మీ పంతులు చెప్పిన వయసే ఖాయం అయితది."

ఆ మాట మా అత్త పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

మిర్యాలగూడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. రికార్డు గదిలో గోడ పొడవునా గుడ్డ మూటలు, వాటి మధ్య చాప మీద ఒక ముసలాయన. పుస్తకాలు వెతికే గుమాస్తా సెలవులో ఉన్నాడని, తన కళ్లకు పొరలు వచ్చి సన్న అక్షరాలు ఆనవని, వారం ఆగి రమ్మని చెప్పాడు. మా అత్త గుమ్మంలోనే కూలబడింది. ఆయన ఆమెను చూశాడు, కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డ నన్ను చూశాడు. "సదువొస్తదా బిడ్డా?" అన్నాడు. వస్తుందన్నాను. ఒక మూట విప్పి, మా అమ్మమ్మ ఊరి పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "వేలు పెట్టి వరుసకు ఒక్కొక్కటి సూడు. తొందర పడకు" అన్నాడు.

అది జనన మరణాల పుస్తకం. తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, మగో ఆడో, అంతే. పాత సిరా గోధుమరంగుకు తిరిగింది. పది పన్నెండు పేజీలు తిప్పాక మా నాన్న పేరు, దాని పక్కన మా అమ్మ పేరు, ఆ పక్కన 'ఆడశిశువు' కనిపించాయి. నా వేలు ఆగింది. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టాను. నాకు పదకొండేళ్లు దాటి అప్పటికే రెండు నెలలు.

పేజీ తిప్పేశాను. చివరిదాకా తిప్పి, పుస్తకం మూసి, "లేదు" అన్నాను. మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. లేదని రాసిమ్మని ఆయనను అడగాలి. అడగకుండా పుస్తకం అట్ట మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

ముసలాయన నా మీద కోపం చేయలేదు. పుస్తకం తన ఒళ్లోకి తీసుకుని, "పొద్దటి సంది తిరుగుతున్నట్టున్నవు, కండ్లు తిరుగుతున్నయేమో. బయట కుండల సల్లటి నీళ్లున్నయి, తాగి రా బిడ్డా. మళ్ల ఒక్కసారి సూద్దువు" అన్నాడు.

బయటికి వెళ్లాను. రెండు గ్లాసులు తాగాను. గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. నేను తిరిగి లోపలికి వచ్చేసరికి పుస్తకం చాప మీద తెరిచి ఉంది. సరిగ్గా ఆ పేజీయే. నా వేలు ఆగడం ఆ మసక కళ్లకు కనబడిందో, ఊరికే అక్కడ తెరుచుకుందో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. నేను కూర్చుని, మా నాన్న పేరు నుంచి తేదీ దాకా పైకి చదివాను. "దొరికిందా? మంచిగైంది" అన్నాడంతే. మొదటిసారి ఎందుకు దొరకలేదని అడగలేదు.

పక్కగది గుమాస్తా నకలు రాశాడు, అధికారి ముద్ర వేశాడు. మా అత్త ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఆ తేదీ లెక్కన నాకు పదకొండేళ్లు దాటాయని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. దారంతా చెప్పలేకపోయాను.

మర్నాడు సూర్యాపేటలో హాస్టల్ వాళ్లు నకలు చూసి, లెక్క చూసి, రెండు నెలలు ఎక్కువని దరఖాస్తు వెనక్కిచ్చారు. మా అత్త బతిమాలింది. తర్వాత నకలు మడిచి రొంటిన దోపుకుని బయటికి నడిచింది. కోదాడ వైపు బస్సెక్కాం. మా ఊరికి తిరిగే దారి దగ్గర బస్సు ఆగింది. నేను లేచాను. ఆమె లేవలేదు. "కూసో. ఆడికిపోతే నీ సదువు ఖతం" అంది.

కోదాడలో దిగి, అడుగుతూ అడుగుతూ ఆడపిల్లల హైస్కూలు పట్టుకుంది. అక్కడి పెద్ద టీచరమ్మ నకలు అటూ ఇటూ తిప్పి చూసి, "ముద్ర ఉన్న కాగితం తెచ్చిన పిల్లవి ఈ ఏడు నువ్వే మొదలు. చేర్చుకుంటానమ్మా, కానీ హాస్టల్ లేదు, ఎక్కడ ఉంటావు?" అంది. నేను మా అత్త వైపు చూశాను. "నా దగ్గరుంటది" అంది మా అత్త. తానెక్కడ ఉంటుందో ఆ క్షణానికి ఆమెకే తెలియదు. వారం తిరగకముందే ఒక గది కిరాయికి మాట్లాడి, రైస్ మిల్లులో బియ్యం చెరిగే పనికి కుదిరింది. మా నాన్న ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఐదేళ్లు ఆ తవుడు దుమ్ములో దగ్గుతూ నన్ను పదో తరగతి గట్టెక్కించింది.

ఆ తర్వాత నేను మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల విభాగంలోనే చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. నా రోజుల్లో మాత్రం కిటికీ అవతల నిలబడి, చెప్పే తేదీ దగ్గర తడబడే మనుషులు రోజూ కనిపించేవారు. వాళ్లను నిలదీయడం నాకు చేతకాలేదు. కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ అడిగేదాన్ని. చాలామంది రెండోసారి నిజం చెప్పేవారు. చెప్పనివాళ్లూ ఉండేవారు.

మా అత్త మాత్రం పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరు దొరికినా ఆ కథ చెప్పేది. "ఆఫీసోళ్లకు దొరకలే, మా పిల్లనే దేవులాడి పట్టింది" అని నా భుజం తట్టేది. నేను తల వంచుకునేదాన్ని. సిగ్గనుకునేవారు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మొదట నేను చూసి కూడా లేదన్నానన్న సంగతి ఆమెకు చెప్పనేలేదు. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది, ప్రతిసారీ రేపు చెబుదామనుకున్నాను. నాకు రెండో అవకాశం ఇచ్చిన ఆ ముసలాయన ముందు ఒక్కసారి నిజం చదవగలిగాను. ఆమె ముందు ఐదేళ్లు ఒకే గదిలో ఉండి కూడా చదవలేకపోయాను.