కొంగు చాటున ముద్ర

మస్కట్ నుంచి వచ్చి పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నాను. గడువు తీరినా ఎడమచేతి మీద వేసిన క్వారంటైన్ ముద్ర పోలేదు. ఆ చేతిని కొంగులో దాచుకుని చేవెళ్ల బస్సులో కూర్చున్నాను.

మొయినాబాద్‌లో ఒక ఆఫ్రికా విద్యార్థి ఎక్కి నా సీటు పక్కన నిలబడ్డాడు.

"కండక్టరన్న, గా ఫారినోణ్ణి దింపు. రోగం తెచ్చిండు," అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

ఆ అబ్బాయి రెండు చేతులూ తిప్పి చూపించాడు. "ముద్ర లేదన్న. రెండేండ్ల సంది ఈడనే హాస్టల్ల ఉన్న."

"ఎన్నేండ్లయితేంది, దిగు," అన్నారు ఇంకో ఇద్దరు.

మస్కట్‌లో నేను లిఫ్టు ఎక్కితే, ఇండియా రోగమని మిగతావాళ్ళు దిగిపోయేవారు. ఇక్కడ విదేశం నుంచి వచ్చింది నేనే. ఆ మాట చెబితే నన్నూ దింపేస్తారు. కొంగును చేతి మీదికి ఇంకాస్త లాక్కున్నాను.

కండక్టర్ కనకమామిడి దగ్గర బస్సు ఆపించాడు. బ్రేకు కుదుపుకు నా కొంగు జారింది. ఆ అబ్బాయి కళ్ళు ముద్ర మీద ఆగాయి. వేలు పెట్టి చూపిస్తే చాలు.

"అక్కా, కొంగు," అని నాకు మాత్రమే వినబడేలా చెప్పి దిగిపోయాడు.

ముద్ర వారంలో చెరిగిపోయింది. బస్సెక్కితే ఆ చెయ్యి ఇప్పటికీ కొంగులోకే పోతుంది.