మా తలుపు బాదిన పెద్దమ్మ

పోయిన మంగళవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా... పె... పెద్దమ్మ పోయింది" అన్నాడు. ఆ మూడు మాటలకు వాడికి చాలాసేపు పట్టింది. వాడి నత్తి పుట్టుకతో వచ్చింది కాదు. అది ఎలా వచ్చిందో చెప్పకుండా పెద్దమ్మ గురించి చెప్పలేను.

గిద్దలూరు దగ్గర మా ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. నాయనకు వరసకు వదిన. పెదనాయన చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. మేకలు మేపుకుంటూ ఒక్కతే బతికింది. గొంతు పెద్దది. మేకను పిలిచినా మనిషిని పిలిచినా ఒకటే కేక. సజ్జరొట్టెలు చేసి మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకునేది. "మెల్లగ తినండి, ఇక్కడికెవురూ రారు" అనేది. ఇంట్లో మేము నాయన వచ్చేలోపు గబగబా మింగడానికి అలవాటుపడ్డాం మరి. నాకు ఇప్పటికీ మెల్లగా తినడం రాదు.

నాయన కొట్టేవాడు. తాగినప్పుడే కాదు, తాగనప్పుడూ కొట్టేవాడు. ఊళ్లో మాత్రం మర్యాదస్తుడు. గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ పూట మాకెలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది. మా ఏడుపు వీధిలో అందరికీ వినపడేది. విని టీవీ సౌండు పెంచుకునేవాళ్లు. మర్నాడు నన్ను ఆపి, "ఏం చేసినారు పాపా, మీ నాయనకు కోపం వచ్చేటట్టు?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న మీద నా కోపం ఈ రోజుకీ చల్లారలేదు. ఒకటో తరగతి పిల్లాడు ఏం చేస్తాడు, వీపు చీలేంత తప్పు?

తమ్ముడు చేసింది మజ్జిగ చెంబు ఒలకబోయడం. నాయన తలుపుకు లోపల గొళ్లెం పెట్టి బెల్టు తీశాడు. బకిల్ ఉన్న వైపుతో కొట్టాడు. అమ్మ అడ్డం పోతే గోడకేసి తోశాడు. నేను అరుస్తూనే ఉన్నాను. బయట అరుగుల మీద మగవాళ్లు కూర్చునే ఉన్నారు. అప్పుడు మా తలుపు దబదబా మోగింది.

"తలుపు తీయ్‌రా! తీస్తావా, గొడ్డలి తెచ్చి పగలగొట్టమంటావా?"

నాయన తీశాడు. "ఇది మా ఇంటి విషయం. నీకేంది వదినా?"

"వీధి చివరిదాకా ఇనపడేది ఇంటి విషయం ఎట్లయితది? కొట్టాలని ఉంటే నన్ను కొట్టు, చూస్తా."

ఆయన కొట్టలేదు. చేతిలో బెల్టు అలాగే వేలాడింది. అందరూ చెప్పినట్టు ఆయనది పట్టలేని కోపమేమీ కాదని నాకప్పుడు తెలిసింది. తిరిగి కొట్టలేని వాళ్ల మీదే ఆ చెయ్యి లేచేది.

తెల్లారి నాయన పొలానికి పోగానే పెద్దమ్మ వచ్చింది. "నువ్వూ రా" అని అమ్మను పిలిచింది. "నేనూ వస్తే ఎంటబడతాడు. ముందు పిల్లోళ్లను దాటించక్కా" అంది అమ్మ. పెద్దమ్మ తమ్ముణ్ణి వీపు తగలకుండా భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, కంభం, మార్కాపురం దాటించి పొదిలిలో మా మామ ఇంట్లో దిగబెట్టింది. తర్వాత కొన్నాళ్లకు అమ్మ కూడా వచ్చేసింది. తమ్ముడు మాత్రం నెలల తరబడి మాట్లాడలేదు. మాట తిరిగి వచ్చినప్పుడు ఇలా విరిగి వచ్చింది.

అంత చేసిన నాయనను ఊరు ఒక్క మాట అనలేదు. పెద్దమ్మకు మాత్రం కాపురాలు కూల్చేదని పేరు పెట్టింది. పెళ్లిళ్లకు పిలవడం మానేసింది. మమ్మల్ని చూడ్డానికి పొదిలి వచ్చినప్పుడు ఆమె ఆ సంగతి నవ్వుతూ చెప్పేది. "ఆ రోజు నీకు భయమేయలేదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏసింది. అయితే మాత్రం, లోపల ఉన్న మీ కంటే ఎక్కువ ఏసుంటదా?"

అరుగుల మీది ఆ మగవాళ్లలో ఒక్కడికైనా ఈ లెక్క తట్టలేదు. మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లుంటే, ఆ ఏడుపు వినపడిన రోజు మీరు ఎక్కడ కూర్చుని ఉన్నారో మీకే తెలుస్తుంది.

తమ్ముడి ఫోన్ వచ్చాక మేము ఊరికి వెళ్లేసరికి ఆ మనుషులే శవం చుట్టూ చేరి మహాతల్లి అంటున్నారు, దేవత అంటున్నారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. తలకొరివి తమ్ముడే పెడతానన్నాడు. వాడు స్నానం చేసి నిప్పుకుండ అందుకోబోతుంటే నాయన లేచి అడ్డం వచ్చాడు.

"నేను బతికుండంగనే దానికి కొరివి పెడతావా? నేను సచ్చిపోయిన్నా?"

"తండ్రి చెప్పేది నిజమే కదబ్బయ్యా" అన్నాడొక పెద్దాయన. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు తలెత్తాడు.

"ప... ప... పక్కకు జ... జరుగు నాయనా."

ఆ మాట పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. నాయన కాసేపు వాడి మొహంలోకి చూసి పక్కకు జరిగాడు.

తమ్ముడు మా ఇంట్లో కూడా చొక్కా విప్పడు. ఎండాకాలంలోనూ విప్పడు. ఆ రోజు తడి పంచె ఒక్కటే కట్టుకుని, నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. బకిల్ దిగిన మచ్చలు భుజాల నుంచి నడుము దాకా ఎండలో తెల్లగా కనపడుతున్నాయి. పాడె వెనక వచ్చే వీధి మొత్తం శ్మశానం దాకా ఆ వీపును చూస్తూనే నడవాల్సి వచ్చింది.