తల వెనక వైపు

వీధిలో అందరికీ ఆయన బోర్డుల మావయ్య. షాపుల పేర్లు రాస్తూ బతికాడు. తాను రాసిన మందుల షాపు బోర్డు చదివితేనే సగం జ్వరం దిగిపోయేదని ఇప్పటికీ చెబుతాడు. ఈ వయసులో సాయంత్రాలు ఓ క్లాసుకెళ్లి బంకమట్టి బొమ్మలు చేయడం నేర్చుకుంటున్నాడు. తడిగుడ్డ తీసి, మట్టిని బొటనవేలితో నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసి చూస్తాడు. అది గోడల మీద పేర్లు రాసేటప్పుడు అబ్బిన అలవాటు. క్లాసువాళ్లు పెట్టే ప్రదర్శనకని భార్య తల బొమ్మ చేశాడు. ముక్కూ నవ్వూ అచ్చం ఆవిడవే. టీచరమ్మ బొమ్మ ఉన్న తిరిగే పీటను వెనక్కి తిప్పింది. వెనకంతా పలకలా చదునుగా ఉంది.

"మావయ్యగారూ, అత్తయ్యగారికి వెనక తల లేదా? ఇలాగైతే ప్రదర్శనలో పెట్టలేను."

"బోర్డుకి వెనక ఎవరు చూస్తారమ్మా" అన్నాడు గానీ ముఖం చిన్నబోయింది.

మర్నాడు భార్య కూరలు తరుగుతుంటే వెనకాల స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి, కొత్తగా నా వెనక పడ్డారు?"

"కదలకు. నీ జుట్టు ముడి ఎడమకి వాలుతుంది. ఇన్నేళ్లూ చూడనే లేదు."

ప్రదర్శన రోజున ఆయన, వాలిన ముడితో సహా పూర్తిచేసిన బొమ్మను వెనక్కి తిప్పి పెట్టాడు.

"అయ్యో, నా ముఖం కనబడొద్దా?" అంది భార్య.

"ముఖం అందరూ చూసిందే. ఇటువైపు నేను కనిపెట్టాను" అన్నాడు ఛాతీ విరుచుకుని.